పుస్తకం సరే, పేజీ ఎవరి చేతిలో ఉంది?

ప్రశ్న: విజయవాడలో ఇంటీరియర్ డిజైన్ సంస్థ నడుపుతున్నాను. మా ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్ పేజీలను ఒక ఏజెన్సీ చూసుకుంటోంది. సోషల్ మీడియా మార్కెటింగ్ గురించి నేనే మొదటినుంచి తెలుసుకోవాలనుకుంటున్నాను. మంచి పరిచయ పుస్తకం సూచించగలరా?

జవాబు: వైద్యులు, బిల్డర్లు, బొటిక్ యజమానులు ఈ ప్రశ్నను అడుగుతూనే ఉన్నారు. పుస్తకం పేరు కన్నా ముందు అది అచ్చయిన సంవత్సరం చూడండి. టిక్‌టాక్‌ను మన ప్రభుత్వం 2020 జూన్ 29న మరో 58 యాప్‌లతో కలిపి నిషేధించింది కాబట్టి, విదేశీ రచయితలు దానిపై రాసిన అధ్యాయాలు ఇక్కడి వ్యాపారికి అక్కరకు రావు. 2021 ఏప్రిల్‌లో ఐఫోన్ సాఫ్ట్‌వేర్ ఐఓఎస్ 14.5 వచ్చిన తర్వాత, ఐఫోన్ వాడేవారి కదలికలను ఇతర యాప్‌లలో గమనించాలంటే వారి అనుమతి తీసుకోవలసి వస్తోంది. అందువల్ల ఆ కదలికల ఆధారంగా ప్రకటనలు చూపడంపై అంతకు ముందు రాసిన పాఠాలను నమ్మి డబ్బు పెట్టడం వృథా. ఇక స్క్రీన్‌షాట్లతో నిండిన పుస్తకాలను కొననే కొనకండి. సెట్టింగ్స్ మెనూను అకారణంగా తిరగరాయడమే పనిగా పెట్టుకున్న డిజైనర్ల పుణ్యమా అని, పుస్తకం ఇంటికి చేరేలోపే అందులో చూపిన బటన్ మరో చోటికి మారిపోతుంది.

దేశం తేడాను కూడా గమనించాలి. న్యాయవాదులు ప్రకటనలు ఎలా ఇవ్వాలో అమెరికా పుస్తకాలు ఉత్సాహంగా వివరిస్తాయి. మన బార్ కౌన్సిల్ 36వ నిబంధన వాటిని నిషేధిస్తోంది. మీకు ఆ చిక్కు లేదు. కొనుగోలుదారుడు ఎవరు, అతనికి ఏం చెప్పాలి, ఫలితాన్ని ఎలా కొలవాలి అన్న మూడింటినీ ఓపికగా చర్చించే పుస్తకం ఏదైనా మీకు సరిపోతుంది.

నన్ను కలవరపెడుతున్నది మీ ఉత్తరంలోని రెండో వాక్యం. ఖాతా ఎవరిదన్న విషయానికి పరిచయ పుస్తకాలు సాధారణంగా పేరాకు మించి చోటివ్వవు. ఏజెన్సీలో పనిచేసే కుర్రాడు తన సొంత ప్రొఫైల్‌తో పేజీ తెరిచి, తన ఫోన్ నంబరు ఇచ్చి, పాస్‌వర్డ్‌ను వాట్సాప్ గ్రూపులో పెట్టి, ఆరు నెలల తర్వాత ఉద్యోగం మారిపోతే, మీరు ఏళ్లుగా పోగుచేసుకున్న ఫాలోయర్లు అతని దయమీద ఆధారపడతారు. ఫేస్‌బుక్ పేజీ సెట్టింగ్స్‌లోని ‘పేజ్ యాక్సెస్’ తెరిచి పూర్తి నియంత్రణ ఎవరి పేరున ఉందో ఈరోజే చూడండి. అది మీకూ, మీరు నమ్మే మరొకరికీ మాత్రమే ఉండాలి. ఏజెన్సీకి పోస్టులు, ప్రకటనల పని వరకే అనుమతి చాలు.

రెండంచెల ధ్రువీకరణ (పాస్‌వర్డ్‌తో పాటు ఓటీపీ వంటి మరో తనిఖీ) పెట్టుకున్నాం కదా అని నిశ్చింతగా ఉండేవారికి మరో మాట. కలిసి ప్రచారం చేద్దామన్న ప్రతిపాదన అంటూ మెయిల్‌లో ఒక జిప్ ఫైలు వస్తుంది. అందులో పీడీఎఫ్ గుర్తుతో కనిపించేది నిజానికి ప్రోగ్రామ్. దాన్ని నొక్కగానే, మీరు అప్పటికే లాగిన్ అయి ఉన్న బ్రౌజర్‌లోని కుకీలు, అంటే మీరు లాగిన్ అయ్యారని గుర్తుంచుకునే చిన్న ఫైళ్లు, దొంగ చేతికి పోతాయి. ఆ తర్వాత అతనికి పాస్‌వర్డ్‌తో గానీ ఓటీపీతో గానీ పని ఉండకపోవచ్చు. మీ ప్రకటనల ఖాతాకు జోడించిన కార్డుతో తన ప్రకటనలు నడుపుకుంటాడు. అందుకే పేజీలు నిర్వహించే కంప్యూటర్‌లో అపరిచితుల ఫైళ్లు తెరవవద్దు. కార్డు బదులు యూపీఐతో ముందుగా కొంత మొత్తం జమచేసి వాడుకునే వీలుంటే అదే మేలు. డబ్బు పోయిందని తెలిసిన వెంటనే సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి.

ఖాతాలు, ప్రకటనల డేటా మీవేనని ఏజెన్సీతో చేసుకున్న ఒప్పందంలో ఒక వాక్యం రాయించండి. అందుకు వారు వెనకాడితే, పుస్తకం కొనడానికి ముందే ఏజెన్సీని మార్చండి.