పంచాయతీ పోలీసుల మీదికి, పోలీసులు పంచాయతీ మీదికి నెడుతుంటే మేం ఏం చేశామంటే

“చీకటి పడితే మా ఊరి రోడ్డు మీద నడవాలంటే భయం. పంచాయతీలో అడిగితే పోలీసులకి చెప్పుకోమంటారు. స్టేషన్‌కి పోతే లైట్లు పంచాయతీ పని అంటారు. ఎవరిని పట్టుకోవాలి?” అని అడిగారు మీరు. ఇద్దరూ చెప్పేది నిజమే, చిక్కంతా అక్కడే ఉంది. మాది నెల్లూరు జిల్లా, పెన్నకి ఉత్తరాన ఒక ఊరు. 2021 పంచాయతీ ఎన్నికల్లో వార్డు మెంబరుగా గెలిచి, ఈ రెండు ఆఫీసుల మధ్య చెప్పులరిగేలా తిరిగినవాణ్ణి. ఊరి పేరు, స్టేషన్ పేరు మాత్రం రాయను. ఆ మనుషులు ఇప్పటికీ టీ కొట్టు దగ్గర ఎదురుపడతానే ఉంటారు.

హైవే మీద బస్సు దిగి మా ఊళ్ళోకి రావాలంటే కిలోమీటరు పైన నడక. ఒకపక్క కయ్యలు, ఇంకోపక్క కాలవ, కాలవ గట్టు పొడుగునా మనిషెత్తు కంపచెట్లు. తొమ్మిది స్తంభాలుంటే వెలిగేవి రెండే. రొయ్యల కంపెనీలో పనిచేసే ఆడవాళ్ళు రాత్రి పదిన్నరకి బస్సు దిగి గుంపుగా నడిచొస్తారు. ఒకరోజు మా వీధిలో ఒకామె, నాకు వదిన వరస, చెప్పు తెగితే వంగి చూసుకుంటా నాలుగడుగులు వెనకబడింది. బండి మీద ఇద్దరొచ్చి మెళ్ళో సరుడు తెంపుకుపోయారు. మెడ మీద ఎర్రగా గీత, చేతిలో తెగిన చెప్పు, అట్టనే ఇంటికొచ్చింది. ఆ చెప్పు ఎందుకు పారెయ్యలేదో ఆమెకే తెలియదు.

కేసు రాసుకున్నారు, అందులో వంక పెట్టను. మర్నాడు ఎస్సై గారొచ్చి ఆ చోటు చూసి, “ఈ కంపలో మనిషి కాదు, లారీ నిలబడినా కనపడదు. ముందు లైట్లు వేయించుకోండయ్యా” అన్నారు. పంచాయతీ సెక్రటరీ దగ్గరికి పోతే, “వచ్చిన డబ్బులు కరెంటు బకాయిలకే చాలట్లేదన్నా. అయినా దొంగల్ని పట్టేది పోలీసులు గదా” అన్నాడు. మూడు వారాలు ఇట్టనే గడిచాయి. మధ్యలో ఇంకో సంగతి బయటపడింది. ఆ రోడ్డులో హైవే వైపు సగం ఆర్ అండ్ బీ (రాష్ట్ర రోడ్లు, భవనాల శాఖ) వాళ్ళదట, ఊరి వైపు సగం పంచాయతీదట. నేను పుట్టి పెరిగిన ఊరి రోడ్డుకి ఇద్దరు యజమానులున్నారని యాభై ఏళ్ళ వయసులో తెలిసింది నాకు.

దారి చూపింది సచివాలయంలో మహిళా పోలీసుగా చేస్తున్న అమ్మాయి. 2019 అక్టోబర్ 2న గ్రామ సచివాలయాలు మొదలైనప్పుడు పెట్టిన పోస్టు అది. కూర్చునేది పంచాయతీ వాళ్ళ పక్కన, రిపోర్టు ఇచ్చేది స్టేషన్‌కి. సర్వేలనీ పింఛన్లనీ ఆమె చేత సవాలక్ష పనులు చేయిస్తారు గానీ, రెండు గుమ్మాలూ తొక్కగలిగే మనిషి ఊళ్ళో ఆమె ఒక్కతే. “అన్నా, నోటిమాటగా చెప్తే ఎవరూ కదలరు. ఎస్సై గారి చేత పంచాయతీకి ఒక లెటర్ రాయించండి” అంది.

అరపేజీ లెటర్. ఫలానా తేదీన నేరం జరిగింది, స్థలం చూశాం, వెలుతురు లేకపోవడం, కంపచెట్లు కారణమని గమనించాం, ప్రజల భద్రత దృష్ట్యా వెంటనే తొలగించి లైట్లు వేయించగలరు, కింద సంతకం, స్టాంపు. అది చేతికిచ్చాక సెక్రటరీ మాట తీరే మారిపోయింది. మొదట నాకు అర్థం కాలేదు. తర్వాత అతనే చెప్పాడు: “రేపు ఆడిట్‌లో ‘ఈ డబ్బు దీనికే ఎందుకు పెట్టావు’ అంటే నా దగ్గర ఏముందన్నా? ఇప్పుడు ఈ కాగితం ఉంది.” తీర్మానం రాశారు, ఏడు బల్బులు మార్చారు, జేసీబీ పెట్టి మా సగంలో కంప కొట్టించారు. మొత్తం పదకొండు రోజులు. ఆర్ అండ్ బీ సగానికి ఎంపీడీవో ద్వారా రాయిస్తే రెండు నెలలు పట్టింది, అదీ రెండుసార్లు గుర్తు చేశాక.

అందుకని నేను చెప్పేది ఇదే. ఒక ఆఫీసు మీద ఇంకో ఆఫీసుకి ఫిర్యాదు చెయ్యబాకండి, ఒకరి చేత ఇంకొకరికి రాయించండి. డబ్బు ఖర్చు పెట్టే అధికారం పోలీసులకి లేదు, పంచాయతీకి లాఠీ లేదు.

తిరగేసి చూసినా అంతే. రాత్రి గస్తీ కావాలని నోటితో అడిగితే “సిబ్బంది లేరు” అనేవాళ్ళు. పంచాయతీ తీర్మానం కాపీ స్టేషన్‌లో ఇచ్చి, ఇంకోటి సర్కిల్ ఆఫీసులో ఇచ్చి రెండిట్లోనూ రసీదు తీసుకున్నాక, రామాలయం గోడకి బీట్ పుస్తకం, అంటే గస్తీకొచ్చిన పోలీసులు సంతకం పెట్టే పుస్తకం, వేలాడింది. మొదటి నెల రోజూ సంతకం. తర్వాత వారానికి రెండో మూడో. ఒకసారి మూడు రోజుల సంతకాలు ఒకే పెన్నుతో, ఒకే వాలులో పడి ఉంటే మా కుర్రాళ్ళు ఫొటో తీసుకుపోయి నాకు చూపించారు. నేను గొడవ చెయ్యలేదు. ఎస్సై గారికి నవ్వుతా చూపించా, ఆయన నవ్వలేదు. మర్నాటి నుంచి సంతకాలు వేరువేరు పెన్నులతో పడ్డాయి.

బెల్టు షాపు సంగతి ఇంకా కష్టం. కాలవ వంతెన దగ్గర ఒకాయన సీసాలు అమ్మేవాడు, తాగినోళ్ళంతా అక్కడే. పోలీసులు పట్టుకుపోయారు, పదో రోజుకి మళ్ళీ అదే చోట అదే గోనెసంచి. రెండోసారి దొరికినప్పుడు కేసుతో వదిలెయ్యకుండా తహసీల్దార్ ముందు బైండోవర్ చేయించారు. ఇది చాలామందికి తెలియదు. తహసీల్దార్ అంటే పాస్‌బుక్కులు, సర్టిఫికెట్లే కాదు, మండలానికి ఎగ్జిక్యూటివ్ మేజిస్ట్రేటు కూడా ఆయనే. గొడవలు చేస్తారనుకున్నవాళ్ళ దగ్గర ఏడాది దాకా, తప్పు అలవాటైనవాళ్ళ దగ్గర మూడేళ్ళ దాకా మంచి నడవడికకి పూచీకత్తు రాయించుకోవచ్చు. పాత సీఆర్పీసీ చట్టంలో 107, 110 సెక్షన్లంటే స్టేషన్లో అందరికీ తెలుసు, 2024 జులై నుంచి అవి దాని బదులు వచ్చిన కొత్త చట్టం బీఎన్ఎస్ఎస్‌లో 126, 129 అయ్యాయి. మళ్ళీ తప్పు చేస్తే పూచీకత్తు సొమ్ము పోతుందనే భయం కేసు కంటే గట్టిగా పనిచేసింది. గోనెసంచి మళ్ళీ రాలేదు. పక్క ఊరికి పోయిందని విన్నాను, అది వేరే కథ.

మేం ఓడిపోయింది కెమెరాల దగ్గర. ఊరి వాళ్ళు చందాలేసుకుని నాలుగు కెమెరాలు పెట్టించారు, పెద్ద పూలదండలతో ప్రారంభోత్సవం. రికార్డింగ్ పెట్టె పంచాయతీ ఆఫీసు బీరువా మీద పెట్టారు. ఆరు నెలల తర్వాత ఒక బండి పోయింది. కానిస్టేబుల్ వచ్చి చూస్తే చివరి రికార్డింగు 19 రోజుల కిందటిది. కరెంటు పోయినప్పుడు ఎవరో ప్లగ్గు తీసి సెల్ ఛార్జింగ్ పెట్టుకున్నారు, తిరిగి పెట్టలేదు. అది చూసుకోవాల్సింది పంచాయతీయా, పోలీసులా అని ఏ కాగితంలోనూ రాసుకోలేదు మేము. మీరు కెమెరాలు పెట్టుకునేటట్టయితే చందాల కంటే ముందు ఆ ఒక్క లైను రాయించుకోండి.

అందరూ కలిసి పనిచేస్తే ఎట్టా ఉంటుందో నేను రెండుసార్లు కళ్ళారా చూశా. ఒకటి 2021 నవంబర్ పెన్న వరద. పడుగుపాడు దగ్గర హైవే తెగి, రైలు కట్ట కొట్టుకుపోయినప్పుడు. ఆ రాత్రి మా ఊళ్ళో వీఆర్వో, సెక్రటరీ, ఇద్దరు కానిస్టేబుళ్ళు ఒకే ఆటోలో మైకు పెట్టుకుని తిరిగారు. బడి తాళం కోసం ఎవరూ లెటర్ అడగలేదు, హెడ్‌మాస్టర్ గారే చలిలో తాళాలగుత్తి పట్టుకుని నిలబడ్డారు. రెండోది నెల్లూరు రొట్టెల పండగ. మొహర్రం రోజుల్లో బారాషహీద్ దర్గా దగ్గర స్వర్ణాల చెరువులోకి లక్షల మంది దిగుతారు. ఒక ఏడాది వాలంటీరుగా చేశా. బారికేడ్లు, జల్లు స్నానాలు, చెత్త కార్పొరేషన్‌వి. మనుషుల్ని వరసలో పంపేది పోలీసులు. నీళ్ళలో పడవల మీద గజ ఈతగాళ్ళు. తప్పిపోయిన పిల్లల టెంటులో మైకు ముందు కూర్చున్న కార్పొరేషన్ ఉద్యోగి పేరు పిలుస్తుంటే, పక్కనే మహిళా కానిస్టేబుల్ ఆ పిల్లకి బిస్కెట్ తినిపిస్తా ఉంది. ఏడాదిలో ఆ నాలుగైదు రోజులూ ఎవరి పని ఏదో ముందే మీటింగులో రాసుకుంటారు కాబట్టి అట్టా జరుగుతుంది.

మీరిప్పుడు చెయ్యాల్సింది: ఆ దారిలో జరిగిన సంఘటనలు తేదీలతో ఒక కాగితం మీద రాసి, పదిమంది ఆడవాళ్ళ చేత సంతకాలు పెట్టించండి. మగవాళ్ళ సంతకాలుంటే “పార్టీ గొడవ” అని పక్కన పడేస్తారు, నా అనుభవం. ఒకే అర్జీ సోమవారం కలెక్టరేట్ ప్రజా సమస్యల పరిష్కార వేదికలో ఒకటి, అదే రోజు ఎస్పీ ఆఫీసులో ఒకటి ఇవ్వండి. రెండోదాంట్లో మొదటిదాని రసీదు నంబర్ రాయండి. అప్పుడు ఆ రెండు ఫైళ్ళూ కిందికి దిగి మీ స్టేషన్లో, మీ పంచాయతీలో ఒకదాన్నొకటి చూసుకోక తప్పదు. అప్పటికప్పుడు ఏదన్నా జరిగితే మాత్రం అర్జీలూ ఆఫీసులూ అనుకోబాకండి, 112 కి కొట్టండి.

ముందు ఆ రోడ్డు పంచాయతీదో ఆర్ అండ్ బీదో సచివాలయంలో ఇంజనీరింగ్ అసిస్టెంట్‌ని అడిగి కింద రాయండి. మేం ఇచ్చిన అర్జీ నకలు నా దగ్గర ఉంది, పేర్లు కొట్టేసి పెడతా.