ముట్టుకుంటే ముడుచుకుంటోంది, కానీ ముళ్లు లేవు, పూలు పసుపు: ఇది అత్తిపత్తేనా?

కాదు. అత్తిపత్తి పూలు గులాబీ రంగు బంతుల్లా ఉంటాయి. మీది చాలావరకు బయోఫైటమ్, పులిచింత కుటుంబం.

1. కాండం చూడండి. కొమ్మల్లేకుండా, ఆకులన్నీ కొసనే గుత్తిగా ఉండాలి.

2. అందరూ వదిలేసేది ఇదే: ఆకు పూర్తిగా విచ్చుకునేదాకా ఆగండి. ముడుచుకున్నప్పుడు చూస్తే రెండూ ఒకటే అనిపిస్తాయి! బయోఫైటమ్‌లో ఒకే ఈనెకు అటూ ఇటూ జతలుగా చిట్టి ఆకులు, చివర ఒంటి ఆకు ఉండదు. అత్తిపత్తిలో తొడిమ కొస నుంచి సాధారణంగా 2–4 ఈనెలు చీలి, ఒక్కోదానికీ విడిగా చిట్టి ఆకులుంటాయి.

3. పూవులో 5 రేకులు, 10 కేసరాలు. లెన్స్ ఉంటే పని సులువు.

జాతి పేరు కూడా కావాలంటే గుత్తిలో ఒక్కో పూవుకీ ఉండే చిన్న కాడ చూడండి. రక్షకపత్రాల (రేకుల వెలుపల ఉండే చిన్న పత్రాలు) కంటే పొట్టిదైతే బయోఫైటమ్ సెన్సిటివమ్, పొడుగైతే రైన్‌వార్టియై కావచ్చు.