ఆ ఇష్యూను చప్పుడు చేయకుండా మూసేయకండి

ప్రశ్న: నేను ఇంజనీరింగ్ మూడో సంవత్సరం చదువుతున్నాను. ఏడాదిగా ఒక ఓపెన్ సోర్స్ (కోడ్ అందరికీ తెరిచి ఉండే) టూల్‌కు కోడ్ రాస్తున్నాను. రకరకాలుగా ఉన్న సీఎస్‌వీ ఫైళ్లను (కామాలతో విడదీసిన పట్టికలను) ఒకే పద్ధతిలోకి మార్చే చిన్న టూల్ అది. ఈమధ్యే ఆ ప్రాజెక్టును నడిపే మెయింటెయినర్ నాకు నేరుగా కోడ్ కలిపే హక్కు ఇచ్చారు. తర్వాత నేను చేసిన ఒక మార్పు వల్ల కొందరి ఫైళ్లలో రోజు, నెల తారుమారయ్యాయి. ఒక యూజర్ ప్రాజెక్టు పేజీలో బాగా కోపంగా ఇష్యూ (ఫిర్యాదు) పెట్టారు. కారణం నాకు తెలిసింది, ఇంకెవరూ కనిపెట్టలేదు. రెజ్యూమెలో ఈ ప్రాజెక్టు లింకు ఇచ్చాను, అందుకే టెన్షన్‌గా ఉంది. మామూలు అప్‌డేట్‌లో కలిపి సరిచేసి, ఇష్యూ మూసేస్తే సరిపోదా?

జవాబు: సరిపోదు. ఉద్యోగం సంగతి తర్వాత మాట్లాడుకుందాం, ముందు ఆ టూల్ వాడుతున్నవాళ్ల గురించి ఆలోచించండి. కోడ్ సరిచేస్తే ఇకమీదట వచ్చే ఫైళ్లు బాగుంటాయి. ఇప్పటికే పాడైన వాటి మాటేమిటి? వాటిలో మార్చి 4 కాస్తా ఏప్రిల్ 3 అయిపోయింది. పైథాన్ భాషలో తేదీలను చదివే డేట్‌యుటిల్ లాంటి లైబ్రరీలు 13, ఆపైన ఉన్న అంకెను నెలగా తీసుకోలేక రోజుగానే చదువుతాయి. మీ టూల్ కూడా అలాగే చేస్తుంటే ఒకే ఫైల్లో కొన్ని తేదీలు సరిగ్గా ఉంటాయి, కొన్ని తప్పుగా ఉంటాయి. పైపైన చూస్తే ఏమీ తేడా కనిపించదు. ఫిర్యాదు చేసినవారు గమనించారు కాబట్టి బయటపడ్డారు. గమనించనివాళ్లు ఈపాటికి ఆ తేదీలతోనే లెక్కలు వేసుకుంటూ ఉంటారు. ఈ క్షణాన వాళ్లను హెచ్చరించగలిగింది మీరొక్కరే.

ఇలాంటి చోట మౌనంగా ఉంటే నష్టం పెరుగుతూనే ఉంటుంది. లైసెన్సులో ‘ఉన్నది ఉన్నట్టుగా ఇస్తున్నాం, ఏ హామీ లేదు’ అని ఉంటుంది, నిజమే. చట్టం ముందు అది మిమ్మల్ని చాలావరకు కాపాడుతుంది. కానీ జనం ఆ టూల్ చేతికి తమ ఫైళ్లు ఇస్తున్నది ఆ వాక్యం చదివి కాదు. ఏదైనా తేడా వస్తే చెబుతారన్న నమ్మకంతో ఇస్తున్నారు. లినక్స్ ఆధారిత ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్‌ను తయారుచేసే డెబియన్ ప్రాజెక్టు 1997లోనే తన సామాజిక ఒప్పందంలో సమస్యలను దాచబోమని, బగ్ రిపోర్టులన్నీ అందరికీ కనిపించేలా ఉంచుతామని రాసుకుంది. దాన్ని ఒకసారి చదవండి, చిన్నదే.

ఈరోజే మెయింటెయినర్‌కు చెప్పండి. ఆ వెంటనే ఇష్యూ కింద ఇలా రాయండి: ‘ఈ సమస్య నేను చేసిన మార్పు వల్ల వచ్చింది, క్షమించండి. ఫలానా వెర్షన్ నుంచి, రోజు 12 లేదా అంతకన్నా తక్కువ ఉన్న తేదీల్లో రోజు, నెల మారిపోతున్నాయి. ప్రస్తుతానికి దాని ముందు వెర్షన్‌కు వెళ్లండి. మీ అసలు ఫైలు ఉంటే దాన్నే మళ్లీ నడపండి, మారిన ఫైలును నమ్మకండి. సరిచేసిన వెర్షన్ రాగానే ఇక్కడే చెబుతాను.’ ఇంతే చాలు. మూడు పేరాల సంజాయిషీ వద్దు. అవతలివాళ్లకు కావలసింది తమ ఫైళ్లలో ఏవి పాడయ్యాయో తెలుసుకునే దారి.

ఆ యూజర్ కోపంగా రాశారన్నారు. రాయనివ్వండి. టూల్ నచ్చకపోతే చాలామంది మాటైనా చెప్పకుండా వెళ్లిపోతారు. ఈయన కూర్చుని, రాసి, చెప్పారు. థాంక్స్ చెప్పి, తేడా కనిపించే నాలుగు లైన్ల నమూనా ఇవ్వగలరా అని అడగండి. ఆ తప్పు మళ్లీ వస్తే పట్టిచ్చేలా దాంతోనే ఒక టెస్ట్ రాయండి.

సరిచేసేటప్పుడు, కోడ్ మార్పులను నమోదు చేసే గిట్‌లో రివర్ట్ (పాత మార్పును రద్దుచేసే కొత్త మార్పు) వాడండి, ఫోర్స్ పుష్‌తో పాత చరిత్ర చెరపకండి. చెరిపినా లాభం లేదు, పాత కాపీలు అప్పటికే ఇతరుల కంప్యూటర్లలో ఉంటాయి. గిట్ బైసెక్ట్ అనే కమాండ్‌తో వెయ్యి కమిట్లలో (నమోదైన మార్పుల్లో) తప్పు చేసినదాన్ని దాదాపు 10 పరీక్షల్లో పట్టుకోవచ్చు. అంటే ఎవరైనా పూనుకుంటే ఒక పూటలో మీ పేరు బయటికి వస్తుంది. అప్పుడు అందరూ ఒకటే అడుగుతారు: తెలిసి కూడా ఎందుకు చెప్పలేదు? దానికి జవాబు దొరకడం కష్టం. రిలీజ్ నోట్స్‌లో కూడా ఈ లోపాన్ని పైనే, స్పష్టంగా రాయండి. ‘చిన్న చిన్న మెరుగులు’ అనే మాటల చాటున దాచకండి.

ఒక్క మినహాయింపు ఉంది. ఇది సెక్యూరిటీ లోపం అయివుంటే నేను వేరేలా చెప్పేదాన్ని. అలాంటివి మొదట మెయింటెయినర్లకు ప్రైవేటుగా చెప్పి, సరిచేశాక అందరికీ ప్రకటిస్తారు. లేకపోతే సరిచేసేలోపే దాడి చేసేవాళ్లకు దారి చూపినట్టవుతుంది. మీది అది కాదు.

మెయింటెయినర్ మీకు ఇచ్చిన హక్కు ఎంత బరువైందో 2024లో జరిగిన, ఫైళ్లను కుదించే ఎక్స్‌జెడ్ యుటిల్స్ అనే టూల్ ఉదంతం చూస్తే అర్థమవుతుంది. జియా టాన్ అనే పేరుతో ఒకరు 2021 నుంచి ఓపిగ్గా కోడ్ పంపుతూ వచ్చారు. అలసిపోయి ఒంటరిగా ప్రాజెక్టు నడుపుతున్న మెయింటెయినర్ మీద, పనులు ఆలస్యమవుతున్నాయంటూ కొన్ని ఖాతాలు ఒత్తిడి తెచ్చాయి. చివరికి జియా టాన్‌కు హక్కులు దక్కాయి. 5.6.0, 5.6.1 వెర్షన్లలో దొంగదారి చేరింది. దాన్ని పనిచేయించే ఒక భాగం అందరూ చూసే రిపాజిటరీలో లేదు, విడుదల చేసిన ఫైళ్లలో మాత్రమే ఉంది. దూరంలోని కంప్యూటర్‌లోకి వెళ్లే ఎస్‌ఎస్‌హెచ్ లాగిన్ అర సెకను ఆలస్యం కావడం ఆండ్రెస్ ఫ్రాయిండ్ అనే ఇంజనీరు గమనించి, తవ్విచూసి, మార్చి 29న బయటపెట్టారు.

మీ తప్పుకూ దానికీ పోలిక లేదు, కంగారుపడకండి. కానీ ఈ ఉదంతం తర్వాత కమిట్ల లెక్క చూసి మాత్రమే ఎవరినీ నమ్మలేమని చాలామందికి తెలిసివచ్చింది. జియా టాన్ కమిట్లు తక్కువేమీ కాదు. అందుకే కొత్తవారి పని కనబడేలా ఉందా, ప్రశ్నలకు నేరుగా జవాబిస్తున్నారా అని కూడా చూడాలి. మెయింటెయినర్ మిమ్మల్ని కొన్నాళ్లు ఇంకొకరు చూశాకే కోడ్ కలపమంటే చిన్నబుచ్చుకోకండి, ఒప్పుకోండి.

ఇక రెజ్యూమె. ఆ లింకు తీయకండి. ‘మీ కోడ్ వల్ల ఏదైనా పాడైతే ఏం చేశారు?’ అన్నది ఇంటర్వ్యూల్లో తరచూ వచ్చే ప్రశ్న. కొందరు అభ్యర్థులు దానికి అప్పటికప్పుడు కథ అల్లుతారు. మీ దగ్గర తేదీలతో సహా రికార్డు ఉంటుంది. అయితే ఈ ఆశతోనే నిజం చెప్పమని నేను అనను. ఏ ఇంటర్వ్యూయర్ చూడకపోయినా ఆ హెచ్చరిక రాయాల్సిందే. రెజ్యూమెలో ప్రాజెక్టు కింద ఒక లైను చేర్చండి: ‘నా మార్పు వల్ల వచ్చిన తేదీల లోపానికి కారణం గుర్తించి, యూజర్లను హెచ్చరించి, సరిచేసి, టెస్టులు చేర్చాను.’ లోపం మీ మార్పు వల్లే వచ్చిందని ఆ లైన్లో దాచకండి. పక్కనే ఇష్యూ లింకు ఇవ్వండి.