ఇంటర్న్‌షిప్ ఇంటర్వ్యూకి కోడింగ్ ప్రాబ్లమ్స్ చేస్తే చాలా?

"కంప్యూటర్ సైన్స్ మూడో ఏడాది చదువుతున్నాను. సాఫ్ట్‌వేర్ ఇంటర్న్‌షిప్ కోసం రోజూ లీట్‌కోడ్ వెబ్‌సైట్‌లో కోడింగ్ ప్రాబ్లమ్స్ చేస్తున్నాను. ఇంటర్వ్యూకి ఇది సరిపోతుందా? చేరాక ఎలాంటి పని ఇస్తారు?" అని ఒక విద్యార్థి అడిగారు.

ఇంటర్వ్యూ గట్టెక్కడానికి సరిపోతుంది. చేరాక చేసే పనికి మాత్రం అస్సలు సరిపోదు. ఇంటర్న్‌గా చేరి, అక్కడే ఉద్యోగం తెచ్చుకుని, ఇప్పుడు కొత్తవాళ్లని ఇంటర్వ్యూ చేస్తున్నాను కాబట్టి ఈ మాట గట్టిగానే చెప్పగలను.

ముందు ఇంటర్వ్యూ సంగతి. అర్రేలు, స్ట్రింగ్స్, హ్యాష్ మ్యాప్, ట్రీలు, గ్రాఫ్‌లో వెతికే రెండు పద్ధతులు బీఎఫ్ఎస్, డీఎఫ్ఎస్, ఇంకా బైనరీ సెర్చ్ (క్రమంలో ఉన్న జాబితాని ప్రతిసారీ సగానికి తగ్గిస్తూ వెతకడం). ఇవి చేతికి అలవాటైతే ఇంటర్న్ స్థాయికి చాలు. డైనమిక్ ప్రోగ్రామింగ్‌లో కొరుకుడు పడని వాటి కోసం నిద్ర మానుకోవద్దు. చూడగానే జవాబు రాసేసేవాళ్ల కంటే, రాసే ముందు నాలుగు ప్రశ్నలు అడిగేవాళ్లకే నేను ఎక్కువ మార్కులు వేస్తాను. ఇన్‌పుట్ ఖాళీగా ఉండొచ్చా? ఒకే విలువ రెండుసార్లు రావచ్చా? డేటా ఎంత ఉంటుంది?

నన్ను అడిగింది బైనరీ సెర్చ్. రాశాను. ఇంటర్వ్యూ చేస్తున్నాయన మధ్య స్థానం లెక్కగట్టిన లైన్ (అందులో 'లో' అంటే వెతికే భాగం మొదలు, 'హై' అంటే చివర) చూపించి, "లో, హై కూడి రెండుతో భాగించారు కదా, ఇది ఎప్పుడూ కరెక్టేనా?" అన్నారు. అర్రే ఎంత పెద్దది కావచ్చని తిరిగి అడిగాను. ఆయన వెతుకుతున్నది అదే. 32 బిట్ల ఇంటిజర్‌లో 2147483647 దాటిన మొత్తం పట్టదు, తిరగబడి నెగటివ్ అయిపోతుంది. అందుకని 'హై' నుంచి 'లో'ని తీసేసి, వచ్చినదాంట్లో సగాన్ని 'లో'కి కలపాలి. ఇదే బగ్ జావా స్టాండర్డ్ లైబ్రరీలో దాదాపు తొమ్మిదేళ్లు ఎవరి కంటా పడకుండా ఉండిపోయింది. ఆ కోడ్ రాసిన జాషువా బ్లాక్ 2006లో తానే ఆ విషయం బయటపెట్టారు. బైనరీ సెర్చ్ బట్టీ కొట్టడానికీ, దాన్ని అర్థం చేసుకోవడానికీ ఉన్న తేడా ఆ ఒక్క లైన్‌లో ఉంది.

పజిల్స్ అడిగే కంపెనీల మీద నాకు మొదటినుంచీ కోపమే. విమానంలో ఎన్ని గోల్ఫ్ బంతులు పడతాయి లాంటి ప్రశ్నలు శుద్ధ టైమ్ వేస్ట్ అని గూగుల్‌లో హెచ్ఆర్ వ్యవహారాలు చూసిన లాజ్లో బాక్ 2013లోనే న్యూయార్క్ టైమ్స్‌తో చెప్పారు. అయినా ఇప్పటికీ అడిగేవాళ్లు ఉన్నారు. బైనరీ ట్రీని తిరగేయలేకపోయానని తనని గూగుల్ తీసుకోలేదంటూ మ్యాక్‌లో సాఫ్ట్‌వేర్ ఇన్‌స్టాల్ చేసుకునే హోమ్‌బ్రూ టూల్ తయారుచేసిన మ్యాక్స్ హోవెల్ 2015లో ట్వీట్ చేస్తే ఎంత గొడవైందో చాలామందికి గుర్తుండే ఉంటుంది. ఇంకో కడుపుమంట: ఐదు రౌండ్లు పెట్టి, తీసుకోవట్లేదన్న మాట కూడా చెప్పకుండా మాయమైపోవడం. రెండు లైన్ల మెయిల్ రాయడానికి ఎంతసేపు పడుతుంది? అవతలి మనిషి ఆ మెయిల్ కోసం వారాల తరబడి టెన్షన్‌తో ఫోన్ చూసుకుంటూ ఉంటారు.

సరే, చేరాక ఏం చేయిస్తారంటే, నాకు ఇచ్చిన మొదటి పని చెబుతాను. కొత్త ఫీచర్ ఏమీ కాదు. రాత్రిపూట నడిచే ఆటోమేటిక్ బిల్డ్‌లో (కోడ్ మొత్తాన్ని కూర్చి, దాని టెస్ట్‌లు నడిపే పని) ఒక టెస్ట్ తరచూ ఫెయిలవుతోంది, ఎందుకో చూడమన్నారు. టీమ్‌లో అందరికీ ఆ టెస్ట్ తెలుసు. పొద్దున్నే వచ్చి ఎర్రగుర్తు చూసి, మళ్లీ రన్ కొడితే పాసవుతుంది. "అది ఫ్లేకీ టెస్ట్‌లే, ఒకసారి పాస్, ఒకసారి ఫెయిల్" అని వదిలేస్తారు. ఈ వదిలేయడం నాకు అప్పుడూ నచ్చలేదు, ఇప్పుడూ నచ్చదు. కారణం లేకుండా ఫెయిలయ్యే టెస్ట్ అంటూ ఉండదు.

నా ల్యాప్‌టాప్‌లో వందసార్లు నడిపినా పాసే. కోడ్ చదివితే తప్పేమీ కనబడలేదు. అప్పుడు పాత బిల్డ్ లాగ్‌లు తీసి, ఒక షీట్‌లో ఏ రాత్రి బిల్డ్ ఎన్నింటికి మొదలైంది, ఏమైంది అని రాసుకుంటూ వెళ్లాను. బిల్డ్ పెట్టిన టైమ్ అర్ధరాత్రి దాటాక. కానీ పని ఎక్కువగా ఉన్న రాత్రుల్లో క్యూలో ఆగి ఆగి, తెల్లారాక మొదలయ్యేది. టైమ్ ప్రకారం షీట్‌ని సార్ట్ చేయగానే వరుస మొత్తం రెండు ముక్కలైంది. అర్ధరాత్రి తర్వాత వెంటనే మొదలైనవన్నీ ఫెయిల్. ఆలస్యంగా మొదలైనవన్నీ పాస్. పొద్దున వచ్చి మళ్లీ రన్ కొట్టేవాళ్లకి ఎందుకు పాసయ్యేదో కూడా అక్కడే తేలిపోయింది.

అర్ధరాత్రి మారేది తేదీయే కాబట్టి, ఇక మిగిలింది కోడ్‌లో ఆ తేదీ ఎక్కడ పుడుతోందో చూడటమే. టెస్ట్ "ఈరోజు" అన్నది సర్వర్ లోకల్ టైమ్‌లోంచి తీసుకుంటోంది. అసలు కోడ్ యూటీసీలోంచి (ప్రపంచమంతటికీ ఒకటే అయిన ప్రామాణిక సమయం) తీసుకుంటోంది. మా లోకల్ టైమ్ యూటీసీ కంటే ముందు. అంటే అర్ధరాత్రి దాటాక కొన్ని గంటలపాటు ఇక్కడ కొత్త తేదీ వచ్చేస్తుంది, యూటీసీలో మాత్రం ఇంకా నిన్నే. ఆ గంటల్లో బిల్డ్ నడిస్తే ఫెయిల్. ఏ లైన్ ఎవరు, ఎప్పుడు రాశారో చూపించే గిట్ బ్లేమ్ కమాండ్ కొడితే ఆ లైన్ నేను చేరడానికి ఎన్నో ఏళ్ల ముందుది. రాసినాయన కంపెనీలో లేరు.

టైమ్‌ని ఫంక్షన్ లోపల తీసుకోకుండా బయటనుంచి ఇచ్చేలా మార్చి, అర్ధరాత్రి దాటిన టైమ్ ఒకటి ఇచ్చి నడిపాను. ఆ టెస్ట్ మొదటిసారి పట్టపగలు ఫెయిలైంది. అప్పుడు కలిగిన ఆనందం ఆఫర్ లెటర్ వచ్చిన రోజు కూడా కలగలేదు.

టెస్ట్‌ని సరిచేసి రివ్యూకి పంపితే, మా మెంటర్ ఒకే ఒక్క కామెంట్ పెట్టారు: "తప్పు టెస్ట్‌దా, కోడ్‌దా?" వెతికితే కోడ్‌దే. అర్ధరాత్రి దాటాక చేసిన ఎంట్రీలు ముందురోజు తేదీతో కనిపిస్తున్నాయని కస్టమర్ల నుంచి కంప్లైంట్లు వచ్చి ఉన్నాయి. పగలు చూస్తే అంతా బాగానే ఉంది కాబట్టి, "మా దగ్గర రావట్లేదు" అని వాటిని మూసేశారు. ఆ టెస్ట్ ప్రతి రాత్రీ నిజమే చెబుతోంది, వినేవాళ్లే లేరు. చివరికి మారింది కొన్ని లైన్లే. ఆ కొన్ని లైన్ల వెనక ఉన్నదంతా చదవడం, లాగ్‌లు పోల్చడం, పాత కంప్లైంట్లు తవ్వడం.

దీనికి ఏ ప్రాబ్లమ్ సెట్‌లో ప్రాక్టీస్ దొరుకుతుంది? అక్కడ ప్రశ్న స్పష్టంగా రాసి ఉంటుంది, జవాబు ఉందని ముందే తెలుసు, ఫైల్ ఖాళీగా ఉంటుంది. ఆఫీసులో ఖాళీ ఫైల్‌తో మొదలయ్యే రోజులు బహు తక్కువ. ఇంకొకరు రాసిన వేల లైన్ల మధ్యలో దిగబెట్టి, ఎక్కడో ఏదో తేడాగా ఉందంటారు. కోడ్ రాసిపెట్టే ఏఐ టూల్స్ వచ్చాక చదివే పని ఇంకా పెరిగింది, ఎందుకంటే అవి రాసింది కూడా ఎవరో ఒకరు చదవాలి.

కాబట్టి రోజూ చేసే ప్రాబ్లమ్స్‌లో సగం తగ్గించండి. మిగిలిన టైమ్‌లో మీరు వాడే ఓపెన్ సోర్స్ ప్రాజెక్ట్ ఒకటి తీసుకుని, మూసేసిన పాత బగ్ ఒకటి ఎంచుకోండి. బగ్ ముందు స్థితికి వెళ్లి, జవాబు చూడకుండా కారణం మీరే పట్టుకోండి. గిట్ బైసెక్ట్ నేర్చుకోండి. వెయ్యి కమిట్లలో (కోడ్‌లో సేవ్ చేసిన మార్పుల్లో) బగ్ ఎక్కడ దూరిందో సుమారు పది సార్లు పరీక్షిస్తే తెలిసిపోతుంది. మీరు బట్టీ కొడుతున్న బైనరీ సెర్చే అది. ఇంటర్వ్యూలో "ఈమధ్య కష్టపడి పట్టుకున్న బగ్ చెప్పండి" అంటే మీ దగ్గర చెప్పడానికి సరుకుంటుంది. నేను ప్రతి ఒక్కరినీ అడిగే ప్రశ్న ఇది. సగం మంది కాలేజీ ప్రాజెక్ట్ పేరు చెప్పి ఆగిపోతారు.

చివర్లో "మీరేమైనా అడుగుతారా?" అన్నప్పుడు కంపెనీ కల్చర్ గురించి అడగొద్దు, అందరూ ఒకే పాట పాడతారు. మీ టీమ్‌లో రాత్రి బిల్డ్ ఫెయిలైతే పొద్దున ఎవరు చూస్తారని అడగండి. మనిషి పేరో, వంతుల పద్ధతో చెబితే చేరండి. నవ్వేసి "మళ్లీ రన్ చేస్తాం" అంటే, చేతిలో ఇంకో ఆఫర్ ఉన్నంతవరకూ దాని వైపే వెళ్లండి.