పాత ఫుట్‌బాల్ అభిమానులకి ఇప్పటి ఆట చప్పబడిపోయిందా? బెజవాడ నుంచి ఒక జవాబు

ముప్పయ్యేళ్లుగా ఫుట్‌బాల్ చూస్తున్నవాళ్లకి ఇప్పటి ప్రొఫెషనల్ ఆట చప్పగా అనిపిస్తోందా, డబ్బూ టెక్నాలజీ కలిసి దాని రుచి చెడగొట్టాయా అన్నది ప్రశ్న. నా మటుకు నాకు పెద్ద క్లబ్బుల మీద మోజు పోయింది. ఆట మీద పోలేదు. రెండూ ఒకటే కదా అంటారేమో, కాదు. ఎందుకో కాస్త వివరంగా చెప్తాను.

ఈ ప్రశ్నకి ఇంగ్లండ్ వాళ్లు చెప్పే జవాబుని మనం అరువు తెచ్చుకుంటే కుదరదు. వాళ్ల గొడవ టికెట్ రేట్లు. తాత నిలబడి చూసిన మైదానంలోకి మనవడు అడుగు పెట్టలేకపోతున్నాడని. ఆ బాధ నిజమే, కానీ వాళ్లది. మనం అక్కడ ఏనాడు నిలబడ్డాం గనక? 1992లో ప్రీమియర్ లీగ్ విడిగా పుట్టిందే టీవీ హక్కుల డబ్బు కోసం. ఆ డబ్బు వాళ్ల మైదానాన్ని ఏం చేసిందో గానీ, ఆటని మా ఇంట్లోకి తెచ్చింది మాత్రం అదే. లేకపోతే ఆటోనగర్‌లో స్పేర్ పార్టుల షాపు నడుపుకునే నాకు ఆర్సెనల్ అంటే ఏంటో తెలిసేదే కాదు. కాబట్టి డబ్బు ఆటని పాడు చేసిందని గుండెలు బాదుకునే హక్కు నాకు లేదనుకుంటాను.

నాకీ పిచ్చి పట్టించింది 1990 వరల్డ్ కప్. మేం సత్యనారాయణపురంలో ఉండేవాళ్లం, నాన్నది రైల్వే ఉద్యోగం. జూన్ 8 రాత్రి ఇటలీలో మొదటి మ్యాచ్, అర్జెంటీనాకీ కామెరూన్‌కీ. పక్కింటి మావయ్యగారు గూడ్సు గార్డు. వాళ్ల బ్లాక్ అండ్ వైట్ టీవీ ముందు చాప మీద పిల్లలమంతా కూర్చున్నాం. కామెరూన్ వాళ్ల ఆకుపచ్చ చొక్కాలు అందులో నల్లగా కనపడ్డాయి. ఆఫ్‌సైడ్ అంటే ఏంటని అడిగితే మావయ్యగారు క్యారమ్ బిళ్లలు నేల మీద పరిచారు. నల్లబిళ్లలు వాళ్లు, తెల్లబిళ్లలు మనం, రెడ్డు బంతి. మనవాడు బంతి అందుకోవడానికి, గోల్‌కీపర్ కాక వాళ్ల చివరి డిఫెండర్‌ని దాటి ముందు నిలబడి ఉంటే ఆఫ్‌సైడ్. "బంతి వదిలేటప్పటికి నువ్వెక్కడున్నావన్నదే లెక్కరా, అందుకునేటప్పటికి కాదు" అన్నారు. ఇప్పటికీ షాపులో కుర్రాళ్లకి నేను నట్లూ బోల్టులతో అలాగే చెప్తాను. ఆ రాత్రి ఒమామ్ బియిక్ తలతో కొట్టిన బంతి గోల్‌కీపర్ చేతుల్లోంచి జారి గీత దాటింది. చివరికి తొమ్మిది మందే మిగిలినా కామెరూన్ వాళ్లు 1-0తో మారడోనా జట్టుని ఓడించేశారు. అప్పటికి ప్రపంచ ఛాంపియన్లు అర్జెంటీనా వాళ్లే.

నిజం చెప్పాలంటే ఆ వరల్డ్ కప్‌లో ఆట పరమ దరిద్రంగా ఉంది. మ్యాచ్‌కి సగటున 2.21 గోల్స్, అంతకు ముందు ఏ వరల్డ్ కప్‌లోనూ అంత తక్కువ లేదు. ఒక గోల్ కొట్టడం, తర్వాత బంతిని వెనక్కి తన్నడం, గోల్‌కీపర్ దాన్ని చేతుల్లోకి తీసుకుని కాలక్షేపం చేయడం. ఫైనల్ కూడా ఒక్క పెనాల్టీతో తేలిపోయింది. ఆ విసుగు పడలేకే 1992లో బ్యాక్ పాస్ రూలు మార్చారు, సొంత జట్టువాడు కాలితో ఇచ్చిన బంతిని గోల్‌కీపర్ చేత్తో పట్టుకోకూడదని. అందుకే "ఆ రోజుల్లో ఆట ఎంత బావుండేదో" అని ఎవరైనా మొదలుపెడితే నేను తలూపను. ఆట ఇప్పుడే బావుంది. పరుగు, పాసింగ్, ఫిట్‌నెస్ దేంట్లో చూసినా పోలికే లేదు. 2024 యూరో సెమీఫైనల్లో ఇంకా 17 నిండని లమీన్ యమాల్ ఫ్రాన్స్ మీద దూరం నుంచి వంపు తిప్పి కొట్టిన గోల్ చూసి, అర్ధరాత్రి దాటాక కేక పెట్టి ఇంట్లోవాళ్లందర్నీ లేపేశాను. మోజు పోయినవాడు చేసే పనేనా అది?

మరి ఏం పోయింది? ఎవరు గెలుస్తారోనన్న ఉత్కంఠ పోయింది, పెద్ద లీగుల్లో ముఖ్యంగా. 1991లో యూరోపియన్ కప్ (యూరప్ క్లబ్బుల పెద్ద పోటీ, ఇప్పటి ఛాంపియన్స్ లీగ్) గెలిచింది బెల్‌గ్రేడ్‌కి చెందిన రెడ్ స్టార్. 1995లో నెదర్లాండ్స్ క్లబ్బు అయాక్స్ గెలిచింది, వాళ్ల జట్టులో ఎక్కువమంది ఆ క్లబ్బే పెంచిన కుర్రాళ్లు. అదే ఏడాది డిసెంబర్‌లో బోస్మన్ అనే ఆటగాడి కేసులో తీర్పు వచ్చింది. కాంట్రాక్ట్ ముగిసిన ఆటగాడు, పాత క్లబ్బుకి ఎవరూ డబ్బు కట్టకుండానే మరో క్లబ్బుకి వెళ్లిపోవచ్చు, యూరోపియన్ యూనియన్ దేశాల ఆటగాళ్ల మీద కోటాలు చెల్లవు. ఆటగాళ్లకి అది న్యాయమైన తీర్పే, నేనేం కాదనను. కానీ అయాక్స్ కుర్రాళ్లు కొద్ది సంవత్సరాల్లోనే తలో దేశానికీ వెళ్లిపోయారు. అప్పట్నుంచీ డబ్బున్నచోటికే అందరూ. జర్మనీలో బాయెర్న్ వరసగా 11 సార్లు టైటిల్ కొట్టింది. 2008లో అబుదాబి వాళ్లు కొన్న మాంచెస్టర్ సిటీ 2021 నుంచి 2024 దాకా వరసగా నాలుగుసార్లు గెలిచింది, ఇంగ్లండ్ చరిత్రలో అంతకు ముందు ఎవరూ చేయని పని. నేమార్ ఒక్కడి కోసం పారిస్ వాళ్లు 2017లో 22 కోట్ల 20 లక్షల యూరోలు పోశారు. మధ్యలో 2016లో ఇంగ్లండ్‌లో లెస్టర్ లాంటి చిన్న క్లబ్బు గెలిచింది, 2024లో లెవర్‌కుసెన్ ఒక్క లీగ్ మ్యాచ్ కూడా ఓడకుండా బాయెర్న్ వరసకి అడ్డుకట్ట వేసింది. అలాంటివి జరిగినప్పుడు పండగ చేసుకుంటాం. కానీ పండగ ఎన్నాళ్లకోసారి?

మ్యాచ్‌లు కూడా ఎక్కువైపోయాయి. ఛాంపియన్స్ లీగ్ 2024 నుంచి 36 జట్లు, 189 మ్యాచ్‌లు. 1990 వరల్డ్ కప్ మొత్తం 52 మ్యాచ్‌లే, 2026 వరల్డ్ కప్‌కి 104. ప్రీమియర్ లీగ్ ఒక యాప్‌లో, ఛాంపియన్స్ లీగ్ ఇంకో దాంట్లో, స్పెయిన్ లీగ్ మరో దాంట్లో. అన్నిటికీ కట్టి అన్నీ చూడాలంటే షాపు మూసుకోవాలి. మావాడైతే ఈ బాధే పడడు. వాడు జట్టుని కాదు, మనిషిని పట్టుకుంటాడు. మెస్సీ బార్సిలోనాలో ఉంటే బార్సిలోనా, పారిస్ వెళితే పారిస్, మయామీ వెళితే మయామీ. వాడి తప్పు కాదది. క్లబ్బులే ఆటగాళ్లని అలా అమ్ముకుంటుంటే కుర్రాడు ఎవర్ని నమ్ముకోవాలి?

ఇక వీఏఆర్, అంటే వీడియో చూసి రిఫరీ నిర్ణయాన్ని సరిచూసే పద్ధతి. దీని మీద నాకు డబ్బు మీద కంటే ఎక్కువ కోపం. ఖతర్ వరల్డ్ కప్‌లో సౌదీ అరేబియా మీద అర్జెంటీనా మ్యాచ్ మనకి మధ్యాహ్నం మూడున్నరకి వచ్చింది. బేరాలు లేని వేళ. కౌంటర్ మీద గ్రీజు డబ్బాకి ఫోన్ ఆనించి పెట్టాను. పక్క షెడ్డు మెకానిక్కులు కూడా వచ్చి చుట్టూ చేరారు. లౌతారో మార్టినెజ్ గోల్ కొట్టగానే ఒకడు చేతిలోని స్పానర్ కింద పడేసి ఎగిరాడు. అంతలో రిఫరీ చెవి దగ్గర చెయ్యి పెట్టుకున్నాడు. అందరం నోరు మూసుకుని నిలబడ్డాం. తర్వాత తెర మీద బొమ్మ వచ్చింది: మార్టినెజ్ భుజం ఒక్క పిసరు ముందుంది, గోల్ లేదు. స్టేడియం కప్పు కింద 12 కెమెరాలు ఒక్కో ఆటగాడి ఒంటి మీద 29 చోట్లని సెకనుకి 50 సార్లు కొలుస్తాయి. బంతిలో ఉన్న సెన్సర్ సెకనుకి 500 సార్లు లెక్క పంపుతుంది. ఆ ఒక్క హాఫ్‌లోనే అర్జెంటీనా గోల్స్ మూడు ఆఫ్‌సైడ్ కింద పోయాయి. రెండో హాఫ్‌లో సౌదీ వాళ్లు రెండు కొట్టి 2-1తో గెలిచారు, అంత గొప్ప సంచలనం ఆ వరల్డ్ కప్‌లో ఇంకోటి లేదు. కానీ ఆ స్పానర్ కుర్రాడు ఆ తర్వాత గోల్ పడ్డా గెంతలేదు. "ఆగన్నాయ్, చూడనీ" అన్నాడు.

గోల్ అంటే ఆ క్షణంలో గెంతడమే. క్రికెట్‌లో బంతికీ బంతికీ మధ్య ఖాళీ ఉంటుంది, రివ్యూ అడిగినా నష్టం లేదు, పైగా అదో టెన్షన్. ఫుట్‌బాల్‌లో మ్యాచ్ మొత్తానికి గెంతే అవకాశం వచ్చేదే రెండు మూడుసార్లు. అదీ పర్మిషన్ తీసుకుని గెంతాలంటే ఎలా? న్యాయం వద్దని నేననడం లేదు. 2010 వరల్డ్ కప్‌లో ఇంగ్లండ్ ఆటగాడు లాంపార్డ్ కొట్టిన బంతి జర్మనీ గోల్ గీత దాటి ఎంతో లోపల పడినా గోల్ ఇవ్వలేదు, అది ఘోరం. దానికి విరుగుడుగా వచ్చిన గోల్ లైన్ టెక్నాలజీ రిఫరీ వాచీకి వెంటనే సిగ్నల్ ఇస్తుంది, ఆట ఆగదు. అలాంటిదైతే ఎంతైనా పెట్టుకోండి. భుజాలూ బొటనవేళ్లూ కొలిచేది మాత్రం వద్దు. గార్డు మావయ్యగారి క్యారమ్ బిళ్లల లెక్కలో భుజాలు లేవు.

ఇంగ్లండ్ అభిమానులకి లేని దెబ్బ మనకి ఒకటి తగిలింది. దాని గురించి ఎవరూ మాట్లాడరు కాబట్టి ఇక్కడ రాస్తున్నాను. ఒకప్పుడు దేశానికి ఫుట్‌బాల్ నేర్పిన ఊళ్లలో హైదరాబాద్ ఒకటి. సయ్యద్ అబ్దుల్ రహీమ్ శిక్షణలో సిటీ పోలీస్ జట్టు 1950 నుంచి 54 దాకా వరసగా ఐదుసార్లు బొంబాయిలో జరిగే రోవర్స్ కప్ గెలిచింది. ఆయన కోచ్‌గా ఉండగానే భారత జట్టు 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానంలో నిలిచింది, 1962లో జకార్తా ఆసియా క్రీడల్లో స్వర్ణం గెలిచింది. అలాంటి చోట దశాబ్దాల తర్వాత 2019లో హైదరాబాద్ ఎఫ్‌సీ వచ్చింది. పుణె క్లబ్బు మూతపడితే దాని స్థానంలో వచ్చింది లెండి. అయినా మనది అనుకున్నాం. బెజవాడ నుంచి ఐదారు గంటల ప్రయాణమే కదా.

2022 మార్చి 20 ఆదివారం గోవాలో ఐఎస్ఎల్ (ఇండియన్ సూపర్ లీగ్) ఫైనల్. స్టాండ్స్ నిండా కేరళ బ్లాస్టర్స్ వాళ్లే. 88వ నిమిషం దాకా మనం 1-0తో వెనకబడి ఉన్నాం. బాక్స్ బయటికి వచ్చిన బంతిని సాహిల్ తవోరా కింద పడనివ్వకుండానే లాగి కొట్టాడు, 1-1. షూటౌట్‌లో కట్టిమణి మూడు పెనాల్టీలు ఆపాడు. టీవీ ముందు మావాడూ నేనూ కౌగిలించుకున్నాం. వాడు నన్ను అలా పట్టుకుని ఎన్నేళ్లయిందో! తర్వాతి సీజన్‌లో పసుపు జెర్సీలు వేసుకుని గచ్చిబౌలి వెళ్లి చూశాం. గ్రౌండ్ సగం కూడా నిండలేదు. అయినా టీవీలో ఎన్నడూ వినపడని చప్పుళ్లు అక్కడ విన్నాను, డిఫెండర్లు ఒకర్నొకరు తిట్టుకోవడంతో సహా. ఆ తర్వాత క్లబ్బుకి ఆర్థిక ఇబ్బందులు. ఆటగాళ్లు ఒక్కొక్కరే వెళ్లిపోయారు. 2024లో జట్టు పట్టికలో అట్టడుగున నిలిచింది. 2025లో పేరు మార్చి ఢిల్లీకి తీసుకుపోయారు. ఓనరు మారితే ఊరు మారిపోయే క్లబ్బుని ఏ అభిమాని మాత్రం ఎంతకాలం ప్రేమిస్తాడు? మాంచెస్టర్ వాడు ఎంత తిట్టుకున్నా వాడి క్లబ్బు వాడి ఊళ్లోనే ఉంది.

అందుకే ఇప్పుడు నేను పట్టిక పైభాగం వదిలేసి కింద చూస్తాను. ప్రీమియర్ లీగ్‌లో 20 జట్లు, చివరి మూడూ కింది డివిజన్‌కి పడిపోతాయి. ఏప్రిల్, మే నెలల్లో ఆ అంచున ఉన్న జట్ల మధ్య మ్యాచ్ చూడండి. ఆట అందంగా ఉండదు. కానీ ఓడితే ఏం పోతుందో మైదానంలో ప్రతివాడికీ తెలుసు, అది ఆటలో కనపడుతుంది. 2021 ఏప్రిల్‌లో 12 పెద్ద క్లబ్బులు సూపర్ లీగ్ అని ఒకటి ప్రకటించాయి గుర్తుందా? అందులో శాశ్వత సభ్యులకి కిందకి పడిపోయే బెంగే ఉండదు. అభిమానులు రోడ్ల మీదకి వచ్చేసరికి ఆరు ఇంగ్లిష్ క్లబ్బులూ రెండు రోజుల్లో తోక ముడిచాయి. మన ఐఎస్ఎల్‌లో ఎంత చెత్తగా ఆడినా కిందకి పోలేదు ఇన్నేళ్లూ, అదే దాని జబ్బు అంటాను నేను.

ఎక్కణ్ణుంచి మొదలుపెట్టాలో తెలియకపోతే లూటన్ టౌన్ కథ చూడండి. 2014 దాకా ఐదో డివిజన్‌లో ఉన్న జట్టు. 2023లో వెంబ్లీలో కొవెంట్రీని పెనాల్టీల్లో ఓడించి ప్రీమియర్ లీగ్‌లోకి వచ్చింది. వాళ్ల మైదానంలోకి ఒక దారి ఇళ్ల వరస మధ్యలోంచి ఉంటుంది. మెట్లెక్కుతుంటే పక్క పెరట్లో ఆరేసిన బట్టలు కనపడతాయి, అచ్చం మన వన్‌టౌన్ సందుల్లాగే. ఒక్క సీజన్ ఉండి 2024లో కిందకి పోయింది, 2025లో ఇంకో మెట్టు జారింది. మన దగ్గర కింది డివిజన్ మ్యాచ్‌లు అన్నీ దొరకవు, స్కోర్లు వెతుక్కోవాలి. షాపులో ఇద్దరు కుర్రాళ్లకి ఈ పిచ్చి అంటించాను. ఆ ఊళ్ల పేర్లు పలకడం వాళ్లకింకా రాదు. మే వచ్చిందంటే మాత్రం ఏ జట్టుకి ఎన్ని పాయింట్లు కావాలో పొద్దున్నే నాకంటే ముందు వాళ్లే చెప్తారు.