ఖాళీ కాలమ్‌లు చేర్చే వర్క్‌ఫ్లో రాసే ముందు

చిరంజీవికి ఆశీస్సులు.

ప్రతి నెలా గూగుల్ షీట్‌లో చేత్తో చేర్చే ఖాళీ కాలమ్‌లను ఇకపై వర్క్‌ఫ్లోకు (పనులను వరుసగా తనంతట తానే చేసే ఏర్పాటుకు) అప్పగించాలనుకుంటున్నట్లు రాశావు. మంచి ఆలోచనే. కాలమ్ చేర్చడం ఒక్క రిక్వెస్ట్‌తో, అంటే షీట్స్‌కు పంపే ఒక్క ఆదేశంతో, ముగిసే పని. దానికి కుడివైపు ఉన్నదంతా పక్కకు జరిగినప్పుడు ఏవి వాటంతటవే సర్దుకుంటాయో, ఏవి సర్దుకోవో ముందే తెలుసుకోవడంలోనే అసలు శ్రమ ఉంది.

వర్క్‌ఫ్లోలు తయారుచేసే మేక్, జాపియర్ వంటి సాధనాల్లో షీట్స్ కోసం సిద్ధంగా ఉన్న స్టెప్‌లు ఎక్కువగా వరుసలకు ఉద్దేశించినవి. కోరుకున్న చోట కాలమ్ పడాలంటే షీట్స్ ఏపీఐకి (ప్రోగ్రాములు షీట్‌తో మాట్లాడే మార్గానికి) నేరుగా 'బ్యాచ్ అప్‌డేట్' (పలు రిక్వెస్ట్‌ల కట్ట) పంపి, అందులో కాలమ్‌లు చేర్చే 'ఇన్సర్ట్ డైమెన్షన్' రిక్వెస్ట్ వాడు. అక్కడ లెక్క సున్నా నుంచి మొదలవుతుందనీ, ముగింపు సంఖ్య లెక్కలోకి రాదనీ మరువకు. సి, డి కాలమ్‌ల మధ్య రెండు ఖాళీలు కావాలంటే ప్రారంభం 3, ముగింపు 5 అని ఇవ్వాలి. ఎడమ కాలమ్ ఫార్మాటింగ్‌ను కొత్తవాటికీ తెచ్చే వీలుంది కానీ, షీట్‌లోని మొదటి కాలమ్‌కు ముందు చేర్చేటప్పుడు దాన్ని కోరితే రిక్వెస్ట్ విఫలమవుతుంది.

రెండు మూడు చోట్ల చేర్చవలసి వస్తే కుడి చివరి నుంచి ఎడమకు రా. బ్యాచ్‌లోని రిక్వెస్ట్‌లు వరుసక్రమంలో అమలవుతాయి కనుక, ఎడమవైపు ముందుగా చేర్చితే ఆ తరువాతి స్థానాల సంఖ్యలన్నీ మారిపోతాయి.

నేను అన్నిటికన్నా ఎక్కువగా హెచ్చరించదలచినది వర్క్‌ఫ్లో మళ్లీ నడవడం గురించి. ఒకసారి నెట్‌వర్క్ అంతరాయం వల్ల నా వర్క్‌ఫ్లో తనంతట తాను మూడుసార్లు నడిచి, మూడు జతల ఖాళీ కాలమ్‌లు చేర్చింది. ఆ నెల అంకెలన్నీ తప్పు శీర్షికల కింద పడ్డాయి. అందుకే చేర్చే ముందు మొదటి వరుసను చదివి, ఆ నెల శీర్షిక ఇప్పటికే ఉంటే అక్కడితో ఆగిపోయేలా షరతు పెట్టు. ఇందులో ఒక చిక్కుంది: విలువలు చదివేటప్పుడు ఏపీఐ వరుస చివరనున్న ఖాళీ గడులను వదిలేస్తుంది, కాబట్టి చివర చేర్చిన ఖాళీ కాలమ్ నీ షరతుకు కనిపించదు. కాలమ్‌లోని మిగతా గడులు ఖాళీగా ఉన్నా, శీర్షికను మాత్రం అదే బ్యాచ్‌లో రాసెయ్యి. బ్యాచ్‌లో ఒక్క రిక్వెస్ట్ చెల్లకపోయినా ఏదీ అమలు కాదు గనుక, శీర్షిక లేని కాలమ్ మిగిలిపోయే ప్రమాదం ఉండదు.

కాలమ్ చేర్చినప్పుడు సాధారణ ఫార్ములాలు, పేరు పెట్టిన రేంజ్‌లు (గడుల సముదాయాలు) వాటంతటవే సర్దుకుంటాయి. విలువను వెతికి తెచ్చే వీలుకప్ (VLOOKUP) ఫార్ములాలో నీవు అంకెగా రాసిన కాలమ్ సంఖ్య, అక్షరాలుగా రాసిన గడి చిరునామాను చదివే ఇన్‌డైరెక్ట్ (INDIRECT) ఫార్ములాలో కోట్స్ మధ్య రాసిన చిరునామా, వర్క్‌ఫ్లోలోనే రాసిపెట్టిన రేంజ్‌లు మాత్రం కదలవు. ఇవి చాలాసార్లు ఎర్రర్ చూపకుండానే పక్క కాలమ్ విలువను తెస్తాయి. అందుకే నేను వీటికి ఎక్కువ భయపడతాను. వీలైన ప్రతిచోటా స్థానంతో కాక శీర్షిక పేరుతో వెతుకు.

ఒక షీట్స్ ఫైల్‌లో కోటి గడులకు మించి పట్టవు. వేల వరుసలున్న ట్యాబ్‌లో ఖాళీ కాలమ్ కూడా ఆ లెక్కలోకే వస్తుంది.

ముందుగా ఫైల్‌కు కాపీ తీసి, వర్క్‌ఫ్లోను వెంటవెంటనే రెండుసార్లు నడుపు. రెండోసారి కాలమ్‌ల సంఖ్య మారకపోతేనే అసలు ఫైల్‌కు కలుపు. కలిపిన రోజున వెర్షన్ హిస్టరీలో (ఫైల్ పాత ప్రతుల జాబితాలో) ఆనాటి ప్రతికి ఒక పేరు పెట్టి ఉంచు.

ఇట్లు,
నీ మేలు కోరే పెద్దవాడు