ఏసీ తర్వాత కొంటాం, దాని నీళ్లు బయటికి పోయే పైపు ఇప్పుడే గోడలో వేయించాలా?

విజయవాడలో ఇల్లు కడుతూ, రెండేళ్ల తర్వాత ఏసీలు పెట్టాలనుకుంటున్నామని అడిగారు. తప్పకుండా ఇప్పుడే వేయించండి. సిమెంటు పూత (ప్లాస్టరింగ్) అయ్యాక గోడ కొట్టించడం కన్నా ఈ పైపు ఖర్చు ఎంతో తక్కువ.

ఇక్కడి ఉక్కపోతలో ఒకటిన్నర టన్నుల ఏసీ గంటకు లీటరు పైనే నీళ్లు వదలవచ్చు. అవి పంపుతో పోవు, వాలుతోనే పోవాలి. అందుకే లోపలి యూనిట్ ఎక్కడ వస్తుందో ముందే గోడమీద గుర్తు పెట్టించండి. పైపు నోరు యూనిట్ అడుగుకన్నా కిందే ఉండాలి. అక్కడినుంచి మీటరుకు కనీసం ఒక సెంటీమీటరు వాలు, వీలైతే రెండు ఇవ్వండి. మధ్యలో ఎక్కడా పైకి లేవకూడదు. అంగుళం పీవీసీ పైపు చాలు. కరెంటు తీగల పైపునే దీనికీ వాడేస్తామంటే ఒప్పుకోవద్దు. మలుపుల్లో 90 డిగ్రీల ఎల్బోలకు (వంపు ముక్కలకు) బదులు 45 డిగ్రీలవి వేస్తే నాచు, బురద తక్కువ పట్టుకుంటాయి. చల్లటి నీరు పారే పైపు బయట చెమ్మ పడుతుంది కాబట్టి గోడలో ఉన్నంతమేర ఫోమ్ తొడుగు వేయించండి.

చివరను డ్రైనేజీ గొట్టానికి నేరుగా కలపకండి, పడకగదిలోకి వాసన వస్తుంది. బాత్రూమ్ జాలీపైనో, బాల్కనీలో మొక్కల దగ్గరో వదిలితే మేలు. పక్కింటి గోడమీదికి మాత్రం వద్దు. ఊళ్లో సగం తగవులు అవే.

పూతకు ముందు పైపులో బకెట్ నీళ్లు పోసి చూసి, ఫోటో తీసుకుని, పైపు నోటికి మూత బిగించండి.